తుమిర్‌పాడులో ఆరో ఎపిసోడ్

షూటింగ్ క్యాంపు, తుమిర్‌పాడు (జగర్గుండా నుంచి లోపలికి)
నవంబర్ 21

దుర్గా,

ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. దంతెవాడ హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్న మనం ఇప్పుడు కాగితం మీద పలకరించుకోవాల్సి వచ్చింది. ఇక్కడ టవర్ లేదు. ఉన్నా లాభం లేదు. కథ బయటికి పొక్కుతుందని పొద్దున్నే అందరి ఫోన్లూ రేకు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. సరుకులు తెచ్చే జీపు భీమా ఉత్తరాలు దోర్నపాల్ పోస్టులో వేస్తానన్నాడు.

నాకు పని దొరికింది. ఇప్పుడొక షెడ్యూలు, ఆ తర్వాత ఫిబ్రవరి దాకా ఇంకోటి. హాస్టల్లో నువ్వు నేర్పిన దోర్లి భాష ఇన్నాళ్లకు అన్నం పెడుతోంది. ముంబై వాళ్లు తీస్తున్న సీరియల్ ఇది. మా అమ్మ కిరందుల్ క్వార్టర్లో కూర్చుని చూసే రకం కాదు. ఒక జ్వరం వచ్చి లోకమంతా పోతుంది. మిగిలిన ఐదుగురు నడుస్తూ నడుస్తూ, ఆరో ఎపిసోడ్‌లో ఈ అడవిలోని ఖాళీ ఊరికి వస్తారు. తెల్లవారగానే మంచులోంచి ఆ ఊరి చనిపోయిన వాళ్లు ఒక్కొక్కరే నడిచి వచ్చి తమ తమ గుమ్మాల ముందు నిలబడతారు. కరవరు, అరవరు. లోపలి వాళ్లు మాత్రం భయంతో తలుపులు బిగించుకుంటారు. కథలోని మాటలు దోర్లిలో, తెలుగులో ఎలా పలకాలో నటులకు నేర్పడం నా పని.

చనిపోయిన వాళ్ల వేషాలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలభై మంది వచ్చారు. బియ్యప్పిండి, బొగ్గుపొడి కలిపి ముఖాలకు పూస్తారు. వంతు వచ్చేదాకా వాళ్లు చెట్ల కింద పడుకుని నిద్రపోతారు. ఒక యంత్రం కాగితపు బూడిదను ఊదుతూ ఉంటుంది. అది వాళ్ల మీద, ఆకుల మీద, నా టీ గ్లాసులో మెల్లగా రాలుతుంది. నిన్న మాడ అనే ముసలాయన వేషం కడుక్కోకుండా ఇంటికి వెళ్తే ఆవు బెదిరి తాడు తెంపుకుందట. కుక్క మాత్రం మామూలుగానే వెనక వచ్చిందట. నాకు ఇక్కడ ఏ పూటా పూర్తిగా మేలుకున్నట్టు ఉండదు.

ఈ ఊళ్లో పదకొండు ఇళ్లుండేవట. ఇప్పుడు గోడలే ఉన్నాయి. ఒక్క ఇంటికి మాత్రం పైకప్పు వాసాలు, నీలం తలుపు మిగిలాయి.

ఒక సాయం చెయ్యి. కథలో ఒక ముసలమ్మ గుమ్మంలోంచి ఎవరినో లోపలికి పిలవాలి. మీ వైపు ఆడవాళ్లు ఏమని పిలుస్తారు?

నీ
భానుశ్రీ


చర్ల
డిసెంబర్ 1

భానూ,

నీ ఉత్తరం బడికి వచ్చింది. పిల్లలందరి ముందూ విప్పి చదివాను. చచ్చిన వాళ్లు చెట్ల కింద నిద్రపోతున్నారని చదివి వినిపిస్తే మూడో తరగతి వాళ్లు ఆ రోజంతా బల్లల మీద తల వాల్చి చచ్చిన ఆట ఆడారు.

మా వైపు పెద్దవాళ్లు పిలిచేది ఇంతే: "ఎండల నిలబడ్డవేంది, ఇంట్లకు రా, కాళ్లు కడుక్కో." గొంతు పెంచకూడదు. పక్కనే ఉన్న మనిషితో అన్నట్టు అనాలి.

నువ్వు రాసిన ఊరి పేరు నేనెప్పుడూ వినలేదు. అడవిలో అలాంటివి ఎన్నో ఉంటాయి. మీ హీరోయిన్‌కు చెప్పు, ఆ నీలం తలుపు ఇంటి ద్వారం బాగా పొట్టి, తల వంచకపోతే నుదురు పగులుతుంది. వెనక వైపు బావి గట్టు మెత్తటిది, అటు ఎవరినీ పోనివ్వకు.

అమ్మ బాగుంది. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. అర్ధసంవత్సరం పరీక్షల పేపర్లు తయారు చేస్తున్నాను. చలికి శాలువా కప్పుకో.

దుర్గ


షూటింగ్ క్యాంపు
డిసెంబర్ 9

దుర్గా,

నీ ఉత్తరం ఆరు సార్లు చదివాను. ద్వారం పొట్టి అని నేను రాయలేదు. బావి సంగతి నాకే తెలియదు. నువ్వు చెప్పావని వెళ్లి చూశాను. తుప్పల మధ్య ఉంది, గట్టు ఒక పక్క కుంగిపోయి ఉంది.

చర్ల పిల్లకు ఇంత దోర్లి ఎలా వచ్చిందని హాస్టల్లో ఒకసారి అడిగాను. నువ్వు కిటికీ వైపు తిరిగి పడుకున్నావు. ఇంకెప్పుడూ అడగలేదు. ఇప్పుడు కూడా అడిగేదాన్ని కాదు.

కానీ ఒక విషయం నీకు తెలియాలి. ఎపిసోడ్ చివర్లో, గుమ్మం ముందు నిలబడ్డ చనిపోయిన వాళ్లతో సహా ఆఖరి ఇంటిని తగలబెడతారు. ఆ ఆఖరి ఇల్లు నీలం తలుపుదే. ఇరవై నాలుగో తేదీన. ఊరికి యజమానులెవరూ మిగల్లేదని లొకేషన్ మేనేజర్ దగ్గర కాగితం ఉంది. ఆయన అది నాకు చూపించాడు కూడా.

అది ఎవరి ఇల్లో నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే ఈ ఉత్తరం చించెయ్యి.

భాను


చర్ల
డిసెంబర్ 13

భానూ,

అది మా ఇల్లు.

రాసేశాను కాబట్టి మిగతాది కూడా రాస్తాను. మా నాన్న రాఘవులు చింతపండు కొనడానికి జగర్గుండా సంతకు వెళ్లొస్తూ ఆ ఊళ్లోనే స్థిరపడ్డాడు. ఊరంతా దోర్లవాళ్లు, తెలుగు వాళ్లం మేమొక్కళ్లమే. ఆ ఇంటి గోడలు అమ్మ తొక్కిన మట్టి. ఆ తలుపుకు నీలం రంగు నాన్న కోంటాలో కొన్నాడు. నేను పుట్టింది అక్కడే.

నాకు ఏడేళ్లప్పుడు అడవిలో తుపాకుల గొడవలు మొదలయ్యాయి. ఒక ఉదయం ఊరు ఊరంతా మూటలు కట్టుకుంది. కొందరు గుట్ట ఎక్కారు, కొందరు నదివైపు వెళ్లారు. మా నాయనమ్మకు కాలు విరిగి ఉంది, నడవలేదు. మోసుకెళ్తానని నాన్న వంగాడు. ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసి, "నన్ను మోస్తే పిల్లను ఎవడు మోస్తడురా? నాలుగు రోజులల్ల వచ్చి తీస్కపో" అంది. నాన్న నన్ను ఎత్తుకున్నాడు. అటు చూడకుండా నా తల భుజానికి నొక్కి పట్టుకున్నాడు. ఆ చొక్కా వాసన నాకింకా గుర్తుంది.

దారులు మూసుకుపోయాయి. నాన్న రెండు సార్లు దోర్నపాల్ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆ ఊరి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నాడు. పోయేనాటికి కూడా ఎత్తలేదు. ఆయన పోయి నాలుగేళ్లైంది, మాకు మాత్రం ఆ పేరు పలకడం ఇంకా చేతకాదు. అందుకే నీకు అబద్ధం రాశాను. అది అబద్ధమని రాస్తున్నప్పుడు నాకు అనిపించలేదు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. బియ్యం చెరుగుతోంది. చేట ఆగలేదు. అంతా విన్నాక, "వాసాలున్నయా?" అని అడిగింది. ఉన్నాయట అన్నాను. "మద్ది వాసాలు. ఉంటయి" అంది. కాసేపటికి, "తగలబెడితే పెట్టనీ, ఎవరున్నరు గనుక" అంది.

పొద్దున లేచేసరికి సంచి సర్దుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

నాకు పరీక్షలు. సెలవు ఇవ్వరు. అమ్మ ఒక్కతే భద్రాచలం, కోంటా మీదుగా దోర్నపాల్ వస్తుంది. ఈ ఉత్తరం కూడా తనతోనే పంపుతున్నాను. మనిషిని నీకు అప్పగిస్తున్నాను.

దుర్గ


షూటింగ్ క్యాంపు
డిసెంబర్ 17

దుర్గా,

పిన్ని క్షేమంగా చేరింది. నా డేరాలోనే ఉంటోంది. నీ ఉత్తరం చదివాను. ముందు ఈ ఒక్క మాట రాస్తున్నాను. ఇల్లు కాల్చరు. పక్క పొలంలో వెదురుతో, గడ్డితో అలాంటిదే ఇంకొకటి కడతారు. డైరెక్టరు ఒప్పుకున్నాడు. నువ్వేం బెంగ పెట్టుకోకు.

బయటి వాళ్లను సెట్లోకి రానివ్వరు. అందుకని పిన్ని పేరు కూడా చనిపోయిన వాళ్ల జాబితాలో రాయించాను. తప్పైతే క్షమించు. ఆవిడే, "మంచిదే బిడ్డా, అందరితోని పోత" అంది.

భాను


షూటింగ్ క్యాంపు
డిసెంబర్ 26

దుర్గా,

నిదానంగా చదువు.

ఇరవై రెండో తేదీ ఉదయం మంచు చాలా దట్టంగా ఉంది. నలభై మందినీ అడవి అంచున నిలబెట్టారు. పిన్ని ముఖానికి కూడా పిండి పూశారు. పక్కన నిలబడ్డ జోగే అనే ఆవిడ పిన్నిని పదే పదే తిరిగి చూస్తోంది. ఇద్దరి ముఖాలూ బొగ్గు, పిండి. ఎవరు ఎవరో తెలిసేలా లేదు.

ఎవరి గుమ్మం ముందు వాళ్లు ఆగాలి, లోపలికి వెళ్లకూడదు, ఏడవకూడదు, నవ్వకూడదు. అదే నేను దోర్లిలో చెప్పాను. బూడిద రాలడం మొదలైంది. వాళ్లు నడిచారు. ఏళ్ల తరబడి ఊరివాళ్లు నడవని ఆ దారిలో నలభై మంది చప్పుడు లేకుండా వస్తుంటే, కెమెరా దగ్గర నిలబడ్డ నాకు వాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారో, మనం ఎటు వైపున్నామో తెలియకుండా పోయింది.

అందరూ ఆగారు. పిన్ని ఆగలేదు. ఆ పొట్టి ద్వారం దగ్గర చూడకుండానే తల వంచి లోపలికి వెళ్లిపోయింది. లోపల హీరోయిన్ దాక్కుని ఉంది. ఆ అమ్మాయి నిజంగానే భయపడి గోడకు అంటుకుపోయింది. పిన్ని ఆమెను చూడనే లేదు. పొయ్యి ఉన్న మూలకు వెళ్లి, రాలిన మట్టిపెళ్లలు పక్కకు తీసి, చేత్తో నేలంతా సాపు చేసి, అక్కడ కూర్చుంది. డైరెక్టరు కట్ చెప్పలేదు. ఆ తర్వాత మెల్లగా "యే కౌన్ హై?" అని అడిగాడు. ఈ ఇంటావిడ అన్నాను.

అప్పుడు జోగే లోపలికి వచ్చింది. ఎదురుగా చతికిలబడి, చీర కొంగుతో పిన్ని ముఖం మీది పిండి తుడిచింది. "రాఘవులు పెండ్లామా?" అంది.

"జోగే" అంది పిన్ని.

దుర్గా, మీ నాయనమ్మ మీరనుకున్నట్టు ఆ వారంలో పోలేదు. జోగే వాళ్లు గుట్ట మీద దాక్కుని వానలయ్యాక ఊళ్లోకి వచ్చి చూస్తే ఈ ఇంట్లో పొగ లేస్తోందట. ఆవిడ పాక్కుంటూ వెళ్లి ఇప్పపువ్వు, దుంపలు ఏరుకుని బతికింది. వాళ్లు కొత్త ఊరికి మోసుకెళ్తామంటే రానంది. దాంతో మాడ, జోగే వంతులేసుకుని తిండి తెచ్చిపెట్టేవాళ్లట. మూడేళ్లు బతికింది. ఎవరొచ్చినా, "నా కొడుకు చర్లల ఉన్నడు, మంచిగున్నడు" అని చెప్పేదట. చర్ల అని ఆవిడకు ఎవరు చెప్పారో జోగేకు కూడా తెలియదు. పోయాక వాళ్ల సొంత మనిషికి నిలిపినట్టే ఆవిడ గుర్తుగా రాయి నిలిపారు. కొత్త ఊరి దారిలో, వాళ్ల రాళ్ల వరసలోనే ఉంది. నేను చూశాను.

పిన్ని అంతా విని ఒకటే మాట అంది. "మూడేండ్లు. ఆయనకు తెల్వకపాయె."

ఆ తర్వాత ఏడ్చింది. జోగే కూడా ఏడ్చింది. గుమ్మం బయట మిగతా చనిపోయిన వాళ్లంతా కదలకుండా నిలబడే ఉన్నారు. ఎవరూ చెప్పకపోయినా.

జోగే సాయంత్రం నన్ను అడిగింది: "మీ కతల తలుపులు ఎందుకు మూస్తరు? వచ్చేది ఇంటోళ్లే గద. మేమైతే మా సచ్చినోళ్లను పిలిచి ఇంట్ల చోటిస్తం." డైరెక్టరుకు ఆ మాట హిందీలో చెప్పాను. ఆయన తన కాగితాల మీద ఏదో రాసుకున్నాడు. అయినా ఇరవై నాలుగున వెదురు ఇల్లు తగలబెట్టారు. బాగా మండింది.

పిన్ని జోగే ఇంట్లో ఉంది.

భాను


చర్ల
జనవరి 12

భానూ,

నాన్న కోసం ఏడవాలో, నాయనమ్మ కోసం ఏడవాలో తెలియలేదు. తరగతి గదిలో ఎక్కాలు చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయాను. మూడేళ్లు అని బోర్డు మీద రాసి ఉంది. నేనే రాశానట.

షూటింగ్ అయిపోయిందని కార్డు రాశావు. భీమా జీపు రెండు సార్లు దోర్నపాల్ వచ్చి వెళ్లిందనీ అందులోనే ఉంది. అమ్మ ఎందుకు రాలేదు? ఆ కార్డు మీద కిరందుల్ ముద్ర ఉంది. ఫిబ్రవరి దాకా ఇంకో షెడ్యూల్ ఉంటుందని మొదట్లో రాశావు కదా. నేను ఒకసారి దాచాను కాబట్టి, దాస్తే ఉత్తరం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

దుర్గ


కిరందుల్
జనవరి 20

దుర్గా,

సరే. ఇల్లు కాల్చవద్దని నేను అడిగితే డైరెక్టరు ఒప్పుకోలేదు. కాగితం ఉంది కదా అన్నారు. అప్పుడు నేను చెట్ల కిందికి వెళ్లి, పడుకున్న వాళ్లందరినీ లేపి, ఆ ఇంటివాళ్లు బతికే ఉన్నారు అని దోర్లిలో చెప్పాను; పిన్ని వచ్చిన సంగతి మాత్రం సెట్లో తెలిసిపోతుందని చెప్పలేదు. జోగే అందరికంటే ముందు లేచి ముఖం కడుక్కుంది. రెండు రోజుల పాటు చనిపోయిన వాళ్లు నడవలేదు. మూడో రోజు వెదురు ఇల్లు మొదలుపెట్టారు. ఎపిసోడ్ పూర్తయ్యేదాకా నన్ను ఉంచుకుని, తర్వాత రావద్దన్నారు.

మా అమ్మ నన్ను చూసి, "ఏటే, సచ్చినోళ్ల సినిమాకెల్లి నువ్వే ఇలా చిక్కిపోయొచ్చేవు" అంది. నాకు బాధగా లేదని అబద్ధం చెప్పను. ఆ పని నాకు నచ్చింది. పొద్దున్నే మంచులో ఆ బూడిద రాలడం ఇప్పటికీ కలలో వస్తోంది. లేచి ఒళ్లు దులుపుకుంటాను.

పిన్ని సంగతి. జీపు ఎక్కించడానికి రెండు సార్లు వెళ్లాను. మొదటిసారి, మీ పాత ఇంట్లో కొత్తగా వేసిన పొయ్యి మట్టి ఇంకా ఆరలేదు, ఆరినాక వస్తానంది. రెండోసారి వెళ్తే పొయ్యి మీద గంజి కాగుతోంది. తను, జోగే వెనక గోడకు మట్టి మెత్తుతున్నారు. నీకు చెప్పమంది: "ఎండాకాలం సెలవులల్ల రమ్మను. ఊకె బెంగపడొద్దను." రాయడానికి ధైర్యం చాలక ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

భాను


తుమిర్‌పాడు
జూన్ 4

భానూ,

వచ్చి ఇరవై రోజులైంది. అమ్మను తీసుకుపోదామని సంచి కూడా ఒకటి ఎక్కువ తెచ్చాను. ఆవిడ మోకాళ్లు చర్లలో కంటే బాగున్నాయి. చైత్రంలో తెల్లవారుజామున జోగేతో కలిసి ఇప్పపువ్వు ఏరిందట. వెనక గోడ లేచింది. బావి గట్టు మాడ రాళ్లతో కట్టాడు. వాళ్లను చూసి, ఒకప్పుడు ఇక్కడే ఉన్న ముయా వాళ్ల కుటుంబం పాత జాగాలో గుంజలు పాతుకుంది. ఇప్పటికి రెండు ఇళ్లు.

మొన్న ఆరో ఎపిసోడ్ చూశాం. జోగే ఊరి పిల్ల మంగు గుట్ట ఎక్కి, టవర్ దొరికే చోట ఫోన్లోకి దించుకుని వచ్చింది. జోగే వాకిట్లో నలభై మందీ, వాళ్ల పిల్లలూ ఆ చిన్న ఫోను చుట్టూ మూగారు. తమ చావు ముఖాలు చూసుకుని ఒకటే నవ్వు. మాడ అయితే తను సరిగ్గా చావలేదని, మళ్లీ తియ్యమని అన్నాడు. ఐదుగురూ తలుపులు బిగించుకుని వణుకుతుంటే ఎవరికీ భయం వేయలేదు, వాళ్ల మీద జాలిపడ్డారు. అమ్మ లోపలికి వెళ్లే ముక్క ఉంచారు. పొయ్యి దగ్గర కూర్చోవడం దాకా మొత్తం ఉంచారు. సంగీతం కూడా వేయలేదు. అప్పుడు మాత్రం నవ్వు ఆగింది.

తనను తాను చూసుకున్న అమ్మ మర్నాడు ఉదయం జోగే ఇంటికి వెళ్లి, రాళ్ల వరసలో మా ఆయనకు కూడా చోటిస్తారా అని అడిగింది. నేను వెనకే ఉన్నాను. నాకు సిగ్గేసింది. తల్లిని వదిలి వెళ్లిన మనిషి. జోగే మాడ వైపు చూసింది. మాడ చాలాసేపు నేల గీకుతూ కూర్చున్నాడు. చివరికి, "పిల్లను మోస్కపోయిండు గద. ఆ పిల్ల వచ్చింది. ఇంకేంది" అన్నాడు.

నిన్న గుట్ట నుంచి రాయి తెచ్చారు. పదిమంది పట్టాల్సి వచ్చింది. నాయనమ్మ రాయి పక్కనే గుంట తీశారు. గుంట తీస్తుండగానే తొలి చినుకులు పడ్డాయి. రాయి నిలబెట్టాక, ఆ రాయిలోకి వచ్చిన మనిషి పేరు పలకాలన్నారు. అమ్మ భర్త పేరు పలకదు. అందుకని నన్ను పలకమన్నారు. రాఘవులు అన్నాను. వానలో సరిగ్గా వినపడలేదని జోగే మళ్లీ అడిగింది. ఈసారి గట్టిగానే అన్నాను. తర్వాత అందరం తడుస్తూనే అన్నాలు తిన్నాం.

మా బడి పన్నెండున తెరుస్తారు. నేను పదో తేదీ భీమా జీపులో వెళ్లిపోతాను, దసరాకు మళ్లీ వస్తాను. అమ్మ రాదు. నేనూ ఇంక అడగడం మానేశాను.

ఇంటి కప్పు సగమే అయింది. అసలు వానలు దిగేలోపు మిగతా సగం నెయ్యాలి, చేతులు చాలడం లేదు. నీకు ఇప్పుడు పనేమీ లేదని నాకు తెలుసు. వచ్చేయ్. అమ్మ నీకు పక్క కూడా వేసి ఉంచింది.

దుర్గ